నాన్నా... ఓ ఫొటో దిగుదాం!

సెల్‌ఫోన్‌ నిండా వేల ఫొటోలు. గోడకు తగిలిద్దామంటే ఒక్కటీ పనికిరాదు! ఆ ఒక్క మంచి ఫొటో కోసం స్టూడియో మెట్లెక్కే ముందు ఇంటిల్లిపాదీ ఎలా తయారవ్వాలి?

పెద్దాయన పోయి నాలుగు రోజులైంది. పెద్దకర్మ నాటికి ఫొటో కట్టించాలి. 'మంచిదొకటి ఇవ్వండి సార్‌, పెద్దది చేసిస్తా' అన్నాడు స్టూడియో అబ్బాయి. బీరువా సొరుగులన్నీ వెతికారు. కూతురి పెళ్లి ఆల్బంలో ఉన్నాడాయన... వెనక వరసలో, సగం మొహమే. మనవడి పుట్టినరోజు ఫొటోలోనూ ఉన్నాడు... కళ్లు మూసుకుని. అందరి ఫోన్లూ గాలించారు. కేకులూ, పూలూ, పిల్లల సెల్ఫీలూ కుప్పలు తెప్పలు. ఆయనొక్కడే లేడు. ఎలా ఉంటాడు? అందరికీ ఫొటోలు తీసింది ఆయనేగా! చివరికి రేషన్‌కార్డు కోసం ఎప్పుడో దిగిన ఫొటో పట్టుకెళ్తే, మసకబారిన మొహాన్ని నున్నగా దిద్ది, మెడ కింద కోటూ టై అతికించి ఇచ్చారు. అది చూసి ఆయన భార్య ఒక్కటే మాట అంది... 'ఈయనెవర్రా?'

కాస్త అటూ ఇటూగా చాలా ఇళ్లలో జరిగే కథే ఇది. ఒక్కపూట తీరిక చేసుకుని అంతా కలిసి స్టూడియోకి వెళ్తే తప్పిపోయే బాధ. 'ఫొటోయేగా, ఎప్పుడైనా దిగొచ్చు' అనుకుంటాం. ఆ 'ఎప్పుడైనా' ఎప్పటికీ రాదు. పోనీ ఓరోజు హడావుడిగా బయల్దేరినా, బిగుసుకుపోయిన మొహాలతో తిరిగొస్తాం. ఫొటోలో బాగా రావడానికి అందచందాలకన్నా ముందు కావాల్సింది కాస్త ఏర్పాటు.

అప్పట్లో అదో పండగ!

పాతకాలం వాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, బస్సెక్కి టౌనుకెళ్లేవాళ్లు. స్టూడియోలో గోడకో అద్దం, దారానికి కట్టిన దువ్వెన, పౌడరు డబ్బా, సరదాపడితే వేసుకోవడానికో కోటు. వెనకాల తాజ్‌మహల్‌ బొమ్మేసిన తెర. 'ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందట' అని మొరాయించే బామ్మను బతిమాలి కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లు.

ఇంకా వెనక్కి వెళ్తే అదో పరీక్షే. 1839లో ఫ్రాన్స్‌లో డాగెర్‌ పద్ధతి వెలుగులోకి వచ్చిన కొత్తలో ఒక్క ఫొటో కోసం నిమిషాల తరబడి కదలకుండా ఉండాల్సి వచ్చేది. తల ఊగకుండా వెనక ఇనప ఆధారం పెట్టేవారు. ఆనాటి ఫొటోల్లో నవ్వులు అరుదుగా కనిపించడానికి అదీ ఓ కారణమే.

ఫొటో దిగేవాళ్ల ఇబ్బందిని అర్థం చేసుకున్న ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌ రాజా దీన్‌దయాళ్‌కి సికింద్రాబాద్‌లో పేరున్న స్టూడియో ఉండేది. పరాయి మగవాడి ముందుకి రాని పరదా స్త్రీల కోసం 1892లో ఆయన హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపే బాధ్యత కెన్నీ లెవిక్‌ అనే ఆంగ్లేయ మహిళకు అప్పగించారు. ఎదుటి మనిషి బెరుకు పోతేగానీ ఫొటోకి జీవం రాదు మరి!

వారం ముందే మొదలు

స్టూడియోకి ముందే ఫోన్‌ చేసి ఎంతమంది వస్తున్నారో, ఏ సైజు ఫొటో కావాలో చెప్పాలి. మెట్లు ఎక్కాలా, లిఫ్టు ఉందా అన్నదీ అడగాలి. మూడంతస్తులు ఎక్కి ఆయాసపడే అమ్మమ్మను నవ్వమంటే ఎలా నవ్వుతుంది? ఆమె కదల్లేకపోతే ఫొటోగ్రాఫర్‌నే ఇంటికి పిలవొచ్చు. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడనిచోట కుర్చీ వేస్తే చాలు, చక్కటి వెలుగు ఉచితంగా దొరుకుతుంది.

క్షవరం అదేరోజు వద్దు. ఐదారు రోజుల ముందు చేయించుకుంటే జుట్టు సర్దుకుంటుంది. రంగు వేసుకునేవాళ్లు రెండు మూడు రోజుల ముందే వేసుకుంటే నుదుటి మీది మరకలు పోతాయి. కొత్త క్రీములూ, కొత్త ఫేషియళ్లూ ప్రయత్నించే సమయం ఇది కానే కాదు. దద్దుర్లు వస్తే మొదటికే మోసం. ముందురోజు రాత్రి కంటినిండా నిద్రపోతే అదే సగం మేకప్‌.

ఏం కట్టుకోవాలి?

అందరూ ఒకే రంగు వేసుకుంటే యూనిఫాంలా ఉంటుంది. ఒకదానికొకటి నప్పే రంగులు చాలు. సన్నటి చారలు, చిన్న గళ్ల చొక్కాలు వద్దు. డిజిటల్‌ కెమెరాలో అవి అలల్లా వింతగా కనిపించే అవకాశం ఉంది. ఒళ్లంతా జరీ ఉన్న చీర ఫ్లాష్‌ వెలుగుకి మెరిసి, చూపుని మొహం మీద నిలవనివ్వదు. చొక్కా జేబులో సెల్‌ఫోన్‌, తాళాలు ముందే తీసెయ్యాలి.

అన్నిటికన్నా ముఖ్యం... రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండటం. ఎప్పుడూ పంచె కట్టే తాతయ్యకు ప్యాంటు తొడిగితే ఆయన మొహంలోనే తేడా తెలిసిపోతుంది. పెద్ద బొట్టు పెట్టుకునే నానమ్మకు ఆ బొట్టే అందం. కళ్లజోడు ఎప్పుడూ పెట్టుకునేవాళ్లు ఫొటోలోనూ పెట్టుకోవాల్సిందే. అద్దాల మీద వెలుగు పడుతుంటే గడ్డం రవ్వంత దించమంటారు, లేదా లైటు జరుపుతారు.

ఆకలేస్తే నవ్వు రాదు

టైము ఎప్పుడన్నది పెద్దవాళ్లనీ పసివాళ్లనీ బట్టి నిర్ణయించాలి. షుగరున్నవాళ్లు టిఫిను, మాత్రలు వేళకి పూర్తిచేసుకోవాలి. కట్టుడు పళ్లు, చెవి మిషను మర్చిపోకూడదు. పాపాయిని నిద్రలేపి తీసుకెళ్తే ఏడుపే. నిద్ర తీరాక, పాలు తాగాక వెళ్లాలి. మంచినీళ్లు, చేతిరుమాలు, దువ్వెన, సేఫ్టీపిన్నులు ఓ సంచిలో పెట్టుకుంటే సగం చిరాకు తగ్గినట్టే.

కెమెరా ముందు నలుగురూ నాలుగువైపుల నుంచీ 'నవ్వు... నవ్వు' అంటే ఉన్న నవ్వూ పోతుంది. ఫొటోగ్రాఫర్‌ ఒక్కడే మాట్లాడాలి. లేదంటే మనవరాలు పక్కన నిలబడి 'తాతయ్యా, పెళ్లిచూపుల్లో నానమ్మ మిమ్మల్ని ఏమడిగింది?' అంటే చాలు... పెదాలకన్నా ముందు కళ్లు నవ్వుతాయి. కెమెరా నొక్కాల్సిన క్షణం అదే!

'ఒకటి, రెండు...'

సెల్ఫీలో ముక్కు పెద్దగా కనిపించడానికి కారణం ఫోన్‌ మొహానికి మరీ దగ్గరగా ఉండటమే. అందుకే స్టూడియోల్లో మనిషి మొహం తీసేటప్పుడు 85 నుంచి 105 మిల్లీమీటర్ల లెన్సు వాడి, ఐదారడుగుల దూరం నుంచి తీస్తుంటారు. కుర్చీలో వెనక్కి జారగిలబడకుండా వెన్ను నిటారుగా ఉంచి, భుజాలు కాస్త పక్కకి తిప్పి, మొహం మాత్రం కెమెరా వైపు పెట్టాలి. రెప్పలు పడిపోయేవాళ్లకో చిట్కా. కళ్లు మూసుకుని, 'మూడు' అనగానే తెరవాలి.

గ్రూపు ఫొటో అయిపోగానే లేచి వచ్చేయకూడదు. అమ్మనొక్కదాన్నీ, నాన్నొక్కణ్నీ, తర్వాత ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టాలి. 'ఈ వయసులో మాకెందుకురా' అంటారు. అన్నా సరే! పెళ్లినాటి ఫొటో తర్వాత ఇద్దరూ కలిసి దిగిన మంచి ఫొటో లేని దంపతులు ఎందరో.

ఇక దిద్దడం. మొన్న వచ్చిన మొటిమను తీసేయమనొచ్చు. నలభై ఏళ్లుగా ఉన్న పుట్టుమచ్చనీ, నవ్వినప్పుడు కళ్ల పక్కన పడే ముడతల్నీ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాలి. వాటిని తీసేస్తే మిగిలేది నున్నటి మొహం... మనిషి కాదు.

గోడ మీదికి చేరేదాకా...

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో చిన్నదైపోతుంది. 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు ప్రింటు స్పష్టంగా రావాలంటే దాదాపు 72 లక్షల పిక్సెళ్లు కావాలి. కాబట్టి అసలు ఫైలునే పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకుని, రెండు మూడు చోట్ల దాచాలి. ఒకటి తప్పకుండా ప్రింటు వేయించాలి. ఫ్రేము వెనక అట్ట మీద పేర్లూ తేదీ రాయాలి. నేరుగా ఎండపడని గోడ చూసి తగిలించాలి.

ఫొటో కట్టించగానే 'ఇప్పుడే ఎందుకు' అని నొచ్చుకునే పెద్దవాళ్లూ ఉంటారు. దండ వేయడం కోసమేనేమో అని వాళ్ల అనుమానం. ఆ అనుమానం పోగొట్టే ఉపాయం ఒక్కటే. ఫొటోని వెంటనే ముందుగదిలో తగిలించి, దాని కిందే వాళ్ల కుర్చీ వేయాలి. నాన్న పేపరు మడిచి, కళ్లజోడు సర్దుకుని, తలెత్తి ఓసారి చూసుకుని, 'ఫర్వాలేదే... నవ్వు బాగానే వచ్చింది' అనాలి.

ఆ మాట ఆయన నోట వినాలంటే, వెళ్లాల్సింది వచ్చే ఆదివారమే!