ఠాణా కథల్లో రాలిపోయే మాట

శిక్షణ ముగించుకుని ఠాణాకు వచ్చిన కొత్త కానిస్టేబుల్‌కు సెక్షన్లు వచ్చు, తుపాకీ విప్పి బిగించడం వచ్చు. అర్ధరాత్రి బస్సెక్కి తనిఖీ చేసేటప్పుడు ప్రయాణికుడి ముఖం చూడాలా, చేతులు చూడాలా అన్నది మాత్రం పుస్తకం చదివితే ఒంటబట్టదు. పెట్రోలింగ్ జీపు టీకొట్టు దగ్గర ఆగినప్పుడు పాత హెడ్ కానిస్టేబుల్ నోట వినాలి. "అప్పట్ల ఏమైందంటే తమ్మీ..." అంటూ మొదలవుతుంది ఆ చదువు.

సామాజిక శాస్త్రవేత్తలు ఈ చదువును శ్రద్ధగా పరిశీలించారు. పోలీసులను నడిపించడంలో రాసి ఉన్న నిబంధనల కంటే చెప్పుకునే కథలకే ఎక్కువ పాత్ర ఉందని క్లిఫర్డ్ షియరింగ్, రిచర్డ్ ఎరిక్సన్ 1991లో వాదించారు. కథ ఆజ్ఞ ఇవ్వదు, చూపునిస్తుంది. బ్రిటన్‌కు చెందిన వాడింగ్టన్ 1999లో ఒక జాగ్రత్త చెప్పారు. క్యాంటీన్‌లో ఎలా మాట్లాడతారో వీధిలోనూ అలాగే నడుచుకుంటారని అనుకోవద్దని, ఆ మాటలు చాలావరకు తమ కష్టానికి అర్థమూ గౌరవమూ కూర్చుకోవడానికేనని.

కథలు ఊరి పనిని బట్టి పుడతాయి. కోదాడది జాతీయ రహదారి, రాష్ట్ర సరిహద్దు. అక్కడ ప్రమాదాల, చెక్‌పోస్టుల అనుభవాలు ఎక్కువ. రైస్‌మిల్లుల మిర్యాలగూడలో కోతల కాలం వస్తే ధాన్యం ట్రాక్టర్ల బారులు, బందోబస్తు. విసిగిన రైతుతో ఓపికగా మాట్లాడటం అక్కడి విద్య. సూర్యాపేటకు వచ్చేసరికి గొంతు మారుతుంది.

2015 ఏప్రిల్ 1 రాత్రి సూర్యాపేట హైటెక్ బస్టాండులో పోలీసులు బస్సు తనిఖీ చేస్తుండగా ఇద్దరు వ్యక్తులు కాల్పులు జరిపారు. కానిస్టేబుల్ లింగయ్య, హోంగార్డు మహేశ్ మరణించారు. సీఐ మొగిలయ్య గాయపడ్డారు. ఏప్రిల్ 4న మోత్కూరు ప్రాంతంలోని జానకీపురం వద్ద ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరూ హతమయ్యారు. కానిస్టేబుల్ నాగరాజు ప్రాణాలు కోల్పోయారు. తీవ్రంగా గాయపడిన ఎస్సై సిద్ధయ్య 7న ఆసుపత్రిలో కన్నుమూశారు.

మొదట పోలీసులు అనుమానించింది అంతర్రాష్ట్ర దొంగల ముఠాను. ఆ ఇద్దరూ 2013లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి తప్పించుకున్న, నిషేధిత సంస్థ సిమి సభ్యులని తేలింది తర్వాతే. బస్టాండులో లింగయ్యకు గానీ మహేశ్‌కు గానీ ఎదుట ఉన్నదెవరో తెలియదు. ఆ తెలియనితనమే ఆ రాత్రి అసలు సంగతి.

కథ తిరిగి చెప్పేకొద్దీ మొట్టమొదట రాలిపోయేది అదే. ఇందుకు మనస్తత్వశాస్త్రంలో ఆధారం ఉంది. 1932లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ తన పరిశోధన ప్రచురించారు. పరాయి సంస్కృతికి చెందిన ఒక జానపద కథను కేంబ్రిడ్జిలో చదివించి, మళ్లీ మళ్లీ చెప్పించారు. చెప్పిన ప్రతిసారీ కథ కురచయింది. అంతుపట్టని వివరాలు జారిపోయాయి, మిగిలినవి చెప్పేవారికి అలవాటైన ఆలోచనల మూసలోకి ఒదిగిపోయాయి. ఠాణాలోనూ ఇదే జరిగే ప్రమాదం ఉంది. "ఎవరో తెలియని ఇద్దరు" కాలక్రమంలో "ఫలానా రకం మనుషులు" అవుతారు. చేతులు గమనించమని నేర్పాల్సిన కథ పేరును, గడ్డాన్ని అనుమానించమని నేర్పుతుంది. అప్పుడు అమాయకుడు అవమానపడతాడు, అసలు నేరస్థుడు కళ్లముందు నుంచే వెళ్లిపోతాడు.

సిద్ధయ్య మరణించిన ఏప్రిల్ 7నే ఆలేరు సమీపంలో ఐదుగురు విచారణ ఖైదీలు ఎస్కార్టు పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. సంకెళ్లతో ఉన్న మృతదేహాల ఫోటోలు చూసి హక్కుల సంఘాలు ప్రశ్నించాయి. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. ఆ వారం గురించి చెప్పుకునేటప్పుడు దీనికీ చోటుండాలని నేను గట్టిగా నమ్ముతాను. తోటివారిని పోగొట్టుకున్న దుఃఖం నిజమైనది, అందుకే దాన్ని ప్రశ్నలకు అడ్డుగా నిలపకూడదు.

1959లో లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు నేలకొరిగిన రోజుకు గుర్తుగా ఏటా అక్టోబర్ 21న దేశమంతటా అమరుల పేర్లు చదువుతారు. చదవాల్సిందే. పరేడ్ ముగిశాక సీనియర్లు కొత్తవారిని కూర్చోబెట్టుకుని మరికొన్ని కూడా చెప్పాలి: తాము పొరబడిన తనిఖీలు, తప్పుగా అనుమానించిన మనుషులు, ఎదుట ఉన్నదెవరో తెలియక ఆగి ఆలోచించిన క్షణాలు. సూర్యాపేట బస్టాండు కథ చెప్పే ప్రతి పెద్దసారుకూ నా విన్నపం ఒక్కటే: "వాళ్లెవరో అప్పుడు మాకు తెలియదు" అన్న మాటతోనే మొదలుపెట్టండి.