మూడు ఊళ్లు.. ఒకే గడి!

వానాకాలంలో సూర్యాపేటలో బస్సెక్కి కోదాడలో దిగేలోపు ఆకాశం ఎన్నిసార్లు మారుతుందో గమనించారా? ఒకచోట కిందనే నల్లమబ్బు. మరోచోట ఎంతో ఎత్తున పల్చని తెల్లని తెర. ఇంకోచోట రెండూ. రాబోయే రోజుల్లో భూమి ఎంత వేడెక్కుతుందో చెప్పడంలో పెద్ద చిక్కుముడి ఈ మబ్బులే.

గొడుగా? గొంగడా?

కింది దట్టమైన మబ్బులు గొడుగులాంటివి. ఎండను వెనక్కి పంపి నేలను చల్లబరుస్తాయి. పైనుండే పల్చని మంచు మబ్బులు గొంగడి టైపు. ఎండను చాలావరకు రానిచ్చి, నేల నుంచి పైకిపోయే వేడిని పట్టేస్తాయి. మొత్తమ్మీద మబ్బులు చదరపు మీటరుకు సగటున 20 వాట్ల దాకా వేడిని తగ్గిస్తున్నాయి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే పెరిగేది సుమారు 4 వాట్లే. అంటే మబ్బుల లెక్క కాస్త తప్పినా అంచనా బాగా మారిపోతుంది.

సగం, సగం కలిస్తే ఎంత?

వాతావరణ మోడళ్లు భూమిని గడులుగా విడగొడతాయి. చాలావాటిలో గడి వెడల్పు సుమారు 100 కిలోమీటర్లు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ ఒక్క గడిలో పట్టేస్తాయి! అందులో కింది పొర సగం, పై పొర సగం ఉన్నాయనుకోండి. సరిగ్గా ఒకదానిపై ఒకటి ఉంటే ఆకాశం 50 శాతమే కప్పుకుంటుంది. ఎలా పడితే అలా ఉంటే 75 శాతం. అసలు కలవకపోతే 100 శాతం. మబ్బు అంతే, నేలకు చేరే ఎండే వేరు. అందుకే మోడల్‌కు ఏదో ఒక నియమం పెట్టక తప్పదు.

మామూలు ఉపగ్రహ చిత్రంలో పై మబ్బు కిందిదాన్ని దాచేస్తుంది. 2006లో వెళ్లిన క్లౌడ్‌శాట్ రాడార్‌తో, కాలిప్సో లైడార్‌తో మబ్బులను నిలువునా కోసినట్టు చూపించాయి. 2024 మేలో వెళ్లిన ఎర్త్‌కేర్‌లో ఆ రెండు పరికరాలూ ఉన్నాయి.

కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఉష్ణోగ్రత 2.5 నుంచి 4 డిగ్రీలు పెరగొచ్చని 2021 ఐపీసీసీ నివేదిక అంచనా. ఈ తేడాకు పెద్ద కారణం మబ్బులే. పొరల అమరిక అందులో ఒక భాగం. సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే రైతుకు ఒకటిన్నర డిగ్రీ చిన్న సంగతి కాదు.

మీకేంటి?

ఫిజిక్స్, మ్యాథ్స్ ఇష్టమా? పైథాన్ వచ్చా? గేట్ ఎక్స్‌ఈ పేపర్‌లో వాతావరణ, సముద్ర శాస్త్రాల సెక్షన్ ఉంది. ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లో ఈ చదువులున్నాయి. తిరుపతి దగ్గర గాదంకిలో రాడార్, లైడార్లతో పరిశోధనలు జరుగుతున్నాయి. ముందుగా ఇస్రో మోస్‌డాక్ పోర్టల్‌లో రిజిస్టరై, మీ ఊరిపై జులై నెల ఇన్సాట్ చిత్రాలు తీసుకుని గ్రాఫ్ గీసి చూడండి. ఇంటర్వ్యూలో చూపించుకోవడానికి అదే మీ తొలి ప్రాజెక్టు.