ఆటగాని తల – ప్రేక్షకుల ఆగ్రహం

ఫుట్‌బాల్ అనగానే హైదరాబాదు వాసికి సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు జ్ఞప్తికి వస్తుంది. సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్ది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టును నాల్గవ స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకానికి నడిపించిన ఆ ఉపాధ్యాయుని ఫుట్‌బాల్ వేరు. ఈ వ్యాసంలో చెప్పబోయే ఫుట్‌బాల్ వేరు. అమెరికా దేశంలో ఆ పేరుతో పిలువబడే ఆటలో బంతి కోలగా ఉంటుంది. దానిని ఎక్కువగా చేతితోనే పట్టుకొని పరుగెత్తుతారు, విసురుతారు. జట్టుకు పదకొండు మంది. బంతి పట్టినవానిని ఎదుటి జట్టువారు శరీరబలంతో ఢీకొని నేలకూల్చడం ఆ ఆటలో తప్పు కాదు, అదే ఆట. అందుచేతనే ఆటగాళ్ళు తలకు హెల్మెట్, భుజాలకు మందపాటి తొడుగులు ధరించి, యుద్ధానికి పోయేవారివలె మైదానంలో ప్రవేశిస్తారు.

ఈ ఆటకు అక్కడి విశ్వవిద్యాలయాలలో ఉన్న వైభవాన్ని మనం ఊహించడం కష్టం. మిషిగన్ రాష్ట్రంలో ఆన్ ఆర్బర్ అనే పట్టణం ఉన్నది. జనాభా లక్షా ఇరవై వేల పైచిలుకు. అక్కడి మిషిగన్ విశ్వవిద్యాలయానికి స్వంతమైన క్రీడాప్రాంగణంలో లక్షకు పైగా ప్రేక్షకులు కూర్చొనవచ్చును. ఊరు ఊరంతా వచ్చి కూర్చున్నా దాదాపు సరిపోతుందన్నమాట! మన తెలుగు యువకులు ఉన్నత విద్యకై వెళ్ళే విశ్వవిద్యాలయాలలో అదొకటి. 2014వ సంవత్సరంలో అక్కడ జరిగిన ఒక సంఘటనను ఆధారం చేసుకొని, ఆటగాని క్షేమం ఎవరి బాధ్యత అన్న ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా అక్కడి ఏర్పాటును గురించి కొంత తెలుసుకోవాలి. విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగం, చరిత్ర విభాగం ఉన్నట్లే క్రీడా విభాగం కూడా ఉంటుంది. అయితే పెద్ద విశ్వవిద్యాలయాలలో ఈ విభాగం టికెట్లు, టెలివిజన్ హక్కులు, దాతల విరాళాల ద్వారా తన ఖర్చును తానే సంపాదించుకొనజూస్తుంది. దాని అధిపతిని అథ్లెటిక్ డైరెక్టర్ అంటారు. ఫుట్‌బాల్ కోచ్‌ను ఏరి తెచ్చేదీ, సాగనంపేదీ సాధారణంగా ఆయనే. పెద్ద జట్టు కోచ్ జీతం విశ్వవిద్యాలయ అధ్యక్షుని జీతానికి ఎన్నో రెట్లు ఉండడం అక్కడ వింత కాదు. 2014 నాటికి ఆటగానికి లభించేది చదువు, వసతి, భోజనం మాత్రమే. తన పేరును ప్రకటనలకిచ్చి సంపాదించుకొనే వీలు 2021లోను, విశ్వవిద్యాలయం నుండి నేరుగా డబ్బు పుచ్చుకొనే వీలు 2025లోను కలిగినవి. లక్షమంది టికెట్టు కొని చూచే ఆటలో దెబ్బలు తినేవాడు మాత్రం పేరుకు విద్యార్థి!

మిషిగన్ క్రీడా విభాగానికి 2010 నుండి డేవిడ్ బ్రాండన్ అధిపతిగా ఉండినాడు. విద్యార్థి దశలో ఆయన ఆ జట్టులోనివాడే. తరువాత డోమినోస్ పిజ్జా సంస్థను నడిపినవాడు. వ్యాపారంలో నేర్చిన మెలకువలన్నీ క్రీడా విభాగంలో ప్రయోగించినాడు. ఆదాయం పెరిగింది గాని అభిమానుల మనసు విరిగింది. విద్యార్థుల సీజన్ టికెట్ల ధర పెంచారు. తరగతుల క్రమంలో సీట్లు కేటాయించే పాత పద్ధతి తీసివేసి, ముందు వచ్చినవారికి ముందు అన్నారు. ఫలితంగా ఒక్క ఏడాదిలో సీజన్ టికెట్లు కొన్న విద్యార్థుల సంఖ్య సుమారు 19 వేల నుండి 12 వేల ప్రాంతానికి పడిపోయింది. 2014 సెప్టెంబరులో రెండు కోకాకోలా సీసాలు కొన్నవారికి ఆటకు రెండు టికెట్లు ఉచితమని ఒక ప్రకటన వెలువడి, అంతలోనే ఉపసంహరింపబడినది. పూర్ణ మూల్యం చెల్లించి టికెట్టు కొన్న విద్యార్థికి అది ఎట్లుంటుందో వేరే చెప్పనక్కరలేదు. దీనికి తోడు జట్టు తరచుగా ఓడిపోతున్నది. పొయ్యిలో పుల్లలన్నీ పేర్చి ఉన్నవి. నిప్పురవ్వ ఒక్కటే తక్కువ.

అది సెప్టెంబరు 27, శనివారం నాడు పడినది. మినెసోటా జట్టుతో ఆట. మిషిగన్ ఓటమి అప్పటికే ఖాయమైనది. చివరకు 30–14 తేడాతో ఓడినారు. నాల్గవ భాగంలో మిషిగన్ యువ క్వార్టర్‌బ్యాక్ షేన్ మారిస్ బంతి విసిరిన వెంటనే ఎదుటి జట్టువాడు వచ్చి అతని ముఖభాగాన హెల్మెట్టుతో ఢీకొన్నాడు. (క్వార్టర్‌బ్యాక్ అంటే బంతిని అందుకొని ఎత్తుగడను నడిపించేవాడు.) న్యాయనిర్ణేతలు అది తప్పేనని జరిమానా కూడా విధించారు. మారిస్ లేచినాడు గాని కాళ్ళు నిలువలేదు. తూలి, పక్కనున్న భారీకాయుడైన సహచరునిపై ఒరిగినాడు. ఆ స్థితిలో అతనిని మైదానం నుండి తీసుకొని పోవలసినది. పోలేదు. మరొక ఎత్తు అతనిచేతనే ఆడించారు. ప్రాంగణమంతా ఈసడింపు కేకలతో దద్దరిల్లినది. ఆ కేకలు ఎదుటి జట్టుపై కావు, తమ వారిపైననే.

తరువాత జరిగినది మరీ విచిత్రం. మారిస్‌ను బయటికి పిలిచి డెవిన్ గార్డ్‌నర్‌ను దింపారు. కొద్దిసేపటికి గార్డ్‌నర్ హెల్మెట్ ఊడిపోయినది. హెల్మెట్ ఊడినవాడు ఒక ఎత్తు పాటు బయట కూర్చోవాలని నియమం ఉన్నది. ఆటగాని తలను కాపాడడానికే ఆ నియమం. అతని స్థానంలో పంపినది ఎవరిని? కొన్ని నిమిషాల క్రితం తూలిపోయిన మారిస్‌నే! ఒకని తలకోసం చేసిన నియమం గాయపడిన మరొకని తలను మళ్ళీ మైదానంలోకి తెచ్చినది. టెలివిజన్‌లో వ్యాఖ్యానం చెప్పుతున్న మాజీ ఆటగాడు ఎడ్ కన్నింగ్‌హామ్ ఆ నిర్వాహకాన్ని ఆట నడుస్తుండగానే తీవ్రంగా గర్హించినాడు. ఈ ఆట చేసే మెదడు గాయాలకు తాను వంతపాడలేనంటూ ఆయన 2017లో ఆ ఉద్యోగాన్నే వదలుకొన్నాడు.

ఇక్కడ వైద్య విషయం కొంచెం చెప్పాలి. మెదడు కపాలంలో బిగించి పెట్టినది కాదు. ద్రవంలో తేలుతూ ఉంటుంది. తల ఒక్కసారిగా కుదుపుకు లోనైనపుడు మెదడు లోపల ఊగి, మెలిపడి, నాడీకణాల పని తాత్కాలికంగా తారుమారు అవుతుంది. దీనినే వైద్యులు కంకషన్ అంటారు. హెల్మెట్ కపాలం పగులకుండా కాపాడగలదు. లోపలి మెదడు ఊగకుండా ఆపలేదు. స్పృహ తప్పడం తప్పనిసరి కాదు. కళ్ళు బైర్లు కమ్మడం, తూలడం, ఆట ఏ ఊరిలో జరుగుతున్నదో మరచిపోవడం, ఇవన్నీ లక్షణాలే. మొదటి దెబ్బ మానకముందే రెండవ దెబ్బ తగిలితే, ముఖ్యంగా చిన్న వయసువారిలో, మెదడు ఉబ్బి ప్రాణాపాయం కలుగవచ్చును. అది అరుదే గాని అసంభవం కాదు. ఏళ్ళ తరబడి తిన్న దెబ్బల ఫలితం మరొక విధం. బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రకటించిన అధ్యయనంలో, కళాశాల స్థాయి వరకు ఆడి మరణించిన 53 మంది మెదళ్ళను పరీక్షించగా 48 మందిలో సి.టి.ఇ. అనే మెదడు క్షీణత వ్యాధి ఛాయలు కనిపించినవి. అవి కుటుంబాలవారు అనుమానంతో దానమిచ్చిన మెదళ్ళు గనుక, ఆటగాళ్ళందరికీ అదే నిష్పత్తి వర్తిస్తుందని అనరాదు. అయినా తేలికగా తీసివేయదగిన లెక్క కాదు.

వీటన్నిటికంటె ముఖ్యమైన విషయం ఒకటున్నది. దెబ్బతిన్న అవయవమే నిర్ణయం చేసే అవయవం. కాలు విరిగినవాడు విరిగిందని చెప్పగలడు. మెదడు కుదుపుకు లోనైనవానిని నీవు బాగున్నావా అని అడిగితే బాగున్నాననే అంటాడు. ఆ రోజు ఆట ముగిశాక కోచ్ బ్రేడీ హోక్ విలేఖరులకు ఇచ్చిన సమాధానం సారాంశం ఏమంటే, కుర్రవాడు గట్టివాడు, ఆడాలనుకొన్నాడు, వద్దనుకొంటే తానే బయటికి వచ్చి ఉండేవాడని. నా దృష్టిలో ఆ సాయంకాలపు అసలు తప్పు ఈ మాటలోనే ఉన్నది. పిల్లవాని పౌరుషాన్ని వైద్యుని తీర్పు స్థానంలో కూర్చోబెట్టారు. నియమాలు లేక కాదు. కంకషన్ లక్షణాలు కనిపించిన ఆటగానిని వెంటనే తప్పించే పద్ధతి ప్రతి విశ్వవిద్యాలయంలోను ఉండి తీరాలని కళాశాల క్రీడల జాతీయ సంఘమైన ఎన్.సి.ఎ.ఎ. 2010లోనే నిర్దేశించినది.

సోమవారం నాడు హోక్, తనకు తెలిసినంతవరకు మారిస్‌కు కంకషన్ లేదన్నాడు. చీలమండ గాయం మాత్రమే అన్నాడు. ఆ రాత్రి దాటిపోయి మంగళవారం ఒంటిగంట ప్రాంతంలో బ్రాండన్ పేర ఒక ప్రకటన వెలువడినది. స్వల్పమైన కంకషన్ ఉండి ఉండవచ్చునని అందులో ఒప్పుకొన్నారు. వైద్యులు దెబ్బను స్పష్టంగా చూడలేదనీ, తూలడం చీలమండ వల్లనే అనుకొన్నారనీ, సిబ్బంది మధ్య సమాచారం సరిగా అందలేదనీ వివరించారు. లక్షమంది కన్నులకు కనిపించినది, దానికోసమే నియమింపబడినవారి కంటబడలేదు. అర్ధరాత్రి వేళ ప్రకటన ఎందుకు, పగలు మాట్లాడినవానికి నిజం తెలియదా అని విద్యార్థులు అడిగినారు. ఆ సాయంకాలం వందలాది విద్యార్థులు గుమిగూడి అధ్యక్షుడు మార్క్ ష్లిసెల్ ఇంటివరకు నడచినారు. బ్రాండన్‌ను తొలగించాలన్న వినతిపత్రంపై పదివేలకు మించిన సంతకాలు పడినవి. అధ్యక్షుడు క్షమాపణ చెప్పినాడు. అక్టోబరు 31న బ్రాండన్ రాజీనామా చేసినాడు. డిసెంబరులో హోక్‌కు ఉద్వాసన జరిగినది.

ఈ ఆగ్రహంలో కల్తీ లేదా? ఉన్నది. జట్టు గెలుస్తూ ఉంటే, టికెట్టు ధర తక్కువగా ఉంటే ఆ ఊరేగింపు బయలుదేరేదా అన్నది న్యాయమైన ప్రశ్నే. ప్రేక్షకునికి ఆటగానిపై ఉన్న ప్రేమ, గెలుపుపై ఉన్న మోజు ఒకే గుండెలో ఉంటాయి. గట్టిగా ఢీకొన్నపుడు చప్పట్లు కొట్టినది కూడా ఆ చేతులే. అధికారులు మొదట దిగివచ్చినది దేని విషయంలో? అక్టోబరు నెలలోనే తరువాతి ఏటి విద్యార్థి టికెట్టును 280 డాలర్ల నుండి 175కు తగ్గించారు. కాని ఉద్దేశాలు ఎంత కలగలసినా, ఆనాటి కేక సరియైన చోటనే వినిపించినది. అభిమానులు నోరు మెదపకుంటే ఆ అర్ధరాత్రి ప్రకటన కూడా వచ్చి ఉండేది కాదని నా అభిప్రాయం.

ఈ ఆటలో ప్రజల ఒత్తిడివల్లనే మార్పు రావడం కొత్త కాదు. 1905లో ఒక్క సీజనులోనే పద్ధెనిమిది మందికి తక్కువ కాకుండా ఆటగాళ్ళు మరణించగా, ఆటను నిషేధించాలన్న కేకలు బయలుదేరినవి. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ విశ్వవిద్యాలయాల వారిని శ్వేతసౌధానికి పిలిపించి మందలించినాడు. ఆయన కుమారుడు అప్పుడు హార్వర్డులో ఈ ఆటే ఆడుతున్నాడు. మరుసటి సంవత్సరం నియమాలు మారినవి. బంతిని ముందుకు విసరడం అనుమతింపబడినది అప్పుడే. నేటి ఎన్.సి.ఎ.ఎ. మూలసంఘం పుట్టినది కూడా ఆ కలవరంలోనుండియే.

మిషిగన్ ఉదంతం తరువాత, ఆ విశ్వవిద్యాలయం సభ్యురాలుగా ఉన్న బిగ్ టెన్ సమాఖ్య 2015లో ఒక ఏర్పాటు చేసినది. ఏ జట్టుకూ చెందని శిక్షణ పొందిన వ్యక్తి ఒకడు పైగదిలో టెలివిజన్ ముందు కూర్చొని, ఎవరైనా తూలినట్లు కనబడితే నేరుగా న్యాయనిర్ణేతలకు తెలియజేస్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్లని కొందరనవచ్చును. అయినా కిటుకు అక్కడనే ఉన్నది: గెలుపుతో నిమిత్తం లేనివాని చేతికి కొంత అధికారం వచ్చినది.

అయితే ఆ కన్ను ఆటనాడే చూస్తుంది. కసరత్తు వేళ ఎవరు చూస్తారు? అదే సమాఖ్యలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 2018 మే 29న జోర్డన్ మెక్‌నేర్ అనే పందొమ్మిదేళ్ళ ఆటగాడు పరుగుల కసరత్తులో కుప్పకూలినాడు. వడదెబ్బ. ఆ మాటకు అర్థం మన రాయలసీమ, తెలంగాణా వాసులకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆసుపత్రిలో కొలిచినపుడు అతని దేహోష్ణత 106 డిగ్రీలు. అటువంటివానిని ముందు మంచునీటి తొట్టిలో దింపి చల్లబరచాలి, తరువాతనే తరలించాలి అన్నది వైద్యసూత్రం. అది జరగలేదు. లక్షణాలు కనిపించినప్పటినుండి అంబులెన్స్ బయలుదేరేవరకు గంటన్నరకు పైగా గడచినది. జూన్ 13న ఆ కుర్రవాడు మరణించినాడు. అక్కడ ప్రాంగణం లేదు, కేకలు వేసే జనం లేరు.

విశ్వవిద్యాలయ అధ్యక్షుడు వాలెస్ లో ఆగస్టులో నైతిక బాధ్యత తమదేనని ఆ తలిదండ్రులకు ఒప్పుకొన్నాడు. సెప్టెంబరు 1న టెక్సాస్‌తో జరిగిన మొదటి ఆటలో మేరీలాండ్ వారు మొదటి ఎత్తుకు పదిమందితోనే నిలిచినారు. పదకొండవ స్థానం ఖాళీ. కాలహరణానికి జరిమానా పడగా టెక్సాస్ వారు దానిని పుచ్చుకొనలేదు. పాలకమండలి మాత్రం అక్టోబరు 30న కోచ్ డి.జె. డర్కిన్ కొనసాగాలని నిర్ణయించినది. విద్యార్థులు, ఆటగాళ్ళు, రాష్ట్ర గవర్నరు సైతం నిరసించగా మరునాడే అధ్యక్షుడు డర్కిన్‌ను తొలగించినాడు; మండలి అధ్యక్షుడు రాజీనామా చేసినాడు. 2021లో మెక్‌నేర్ పేరుతోనే మేరీలాండ్ శాసనసభ ఒక చట్టం చేసినది. వడదెబ్బ, తలగాయం వంటి ఆపదలకు ప్రతి ప్రభుత్వ విశ్వవిద్యాలయ క్రీడా విభాగం నిర్దిష్టమైన విధానాలు ఏర్పరచుకోవాలని అందులో ఉన్నది.