ఆధునిక నాణేలపై శిల్పకళాక్షీణత: కారణాల పరిశీలన

కీలకపదాలు: టంకసాల, అచ్చు, ఉబ్బెత్తు, సెయింట్-గాడెన్స్, హస్తముద్రల శ్రేణి

ఉపోద్ఘాతం

నాణెం అరచేతిలో ఇమిడే శిల్పం. సముద్రగుప్తుని బంగారు నాణెంపై ఆసీనుడై వీణ వాయిస్తున్న రాజు కనిపిస్తాడు. అంగుళం కన్నా చిన్న బిళ్ళపై శరీరపు ఒంపు, కూర్చున్న భంగిమ స్పష్టంగా తెలుస్తాయి. నేటి చలామణి నాణేలలో ఆ లోతు అరుదు. ఇందుకు కళాకారుల అసమర్థత కన్నా ఉత్పత్తి అవసరాలే ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పద్ధతిలో మార్పు

ప్రాచీన టంకసాలలో కళాకారుడు బొమ్మను నాణెమంత పరిమాణంలోనే, కుడియెడమలు తారుమారుగా, అచ్చులో స్వహస్తాలతో చెక్కేవాడు. ఆధునిక కాలంలో శిల్పి పెద్ద నమూనాను తయారుచేస్తే, దానిని యంత్రం కుదించి ఉక్కుపై చెక్కసాగింది. పెద్ద నమూనాలో శోభించే సూక్ష్మవివరాలు కుదింపులో అణగిపోయే ప్రమాదం ఏర్పడింది.

ఉత్పత్తి వేగం విధించిన పరిమితికి 1907 నాటి అమెరికా 20 డాలర్ల బంగారు నాణెం చక్కని నిదర్శనం. ప్రాచీన గ్రీకు నాణేల ఉబ్బెత్తు శిల్పాన్ని మెచ్చిన అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్, అగస్టస్ సెయింట్-గాడెన్స్ అనే శిల్పి చేత దీనిని రూపకల్పన చేయించాడు. తొలి ప్రయోగ నాణేలపై బొమ్మ పూర్తిగా తేలడానికి అచ్చుతో పలుమార్లు ఒత్తవలసివచ్చింది. అటువంటి నాణేలను దొంతరగా పేర్చడమూ కష్టమే. శిల్పి అదే సంవత్సరం ఆగస్టులో మరణించాడు. తరువాత టంకసాల ప్రధాన చెక్కడపు కళాకారుడు చార్లెస్ బార్బర్ ఒకే ఒత్తిడితో నాణెం తయారయ్యేలా ఉబ్బెత్తును తగ్గించాడు. శిల్పి అతడే, రూపకల్పన అదే, తగ్గినది లోతు.

భారతీయ నాణేలు

యంత్రం వచ్చినంత మాత్రాన కళ నశించదు. ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు హైదరాబాదు వెండి రూపాయి యంత్రంపై తయారైనదే. దానిపై చార్మినారును, దాని ద్వారంలో పాలకుని పేరులోని తొలి అక్షరాన్ని పొందికగా అమర్చారు. వెండి మెత్తని లోహం కనుక అచ్చులోని వివరాన్ని చక్కగా గ్రహిస్తుంది. స్వతంత్ర భారతంలో రూపాయి నాణెం 1992లో రాగి-నికెల్ మిశ్రమం నుండి స్టెయిన్‌లెస్ స్టీలుకు మారింది. గట్టి ఉక్కుపై లోతైన బొమ్మ తేవాలంటే ఒత్తిడి పెరగాలి. అచ్చులు త్వరగా అరుగుతాయి. 2007 నాటి హస్తముద్రల శ్రేణిలో ఈ పరిణామాన్ని గమనించవచ్చు. ఆలయ శిల్పులు వేళ్ళ కదలికను సైతం రాతిలో పలికించిన నాట్యముద్రలు ఆ నాణేలపై రేఖాచిత్రాలుగా మిగిలాయి.

ముగింపు

చలామణి నాణేనికి మన్నిక, తక్కువ ఖర్చు, సులువైన గుర్తింపు అవసరమే. 20 రూపాయల నాణేనికి పన్నెండు అంచులు ఉండటం చూపులేనివారికి నిజమైన ఉపకారం. కాని స్మారక నాణేలకు ఈ పరిమితులు అంతగా వర్తించవు. 2023లో ఎన్.టి.రామారావు శతజయంతి సందర్భంగా వెలువడిన 100 రూపాయల నాణెంలో సగం వెండి. అది సేకరణకర్తల కోసం ఉద్దేశించినది. అటువంటి నాణేలలో శిల్పం కొరవడితే ఉత్పత్తి వేగాన్ని కారణంగా చూపలేము. నాణేల కళావిమర్శ ఈ రెండు రకాలను వేర్వేరు ప్రమాణాలతో పరిశీలించవలసి ఉంది.