గిరీశం నన్నూ బోల్తా కొట్టించాడు!

ఎన్.టి.రామారావు గిరీశం వేషం వేసిన 'కన్యాశుల్కం' చూశారా మీరు? 1955లో పి.పుల్లయ్యగారి దర్శకత్వంలో వచ్చింది. మధురవాణిగా సావిత్రి, బుచ్చమ్మగా షావుకారు జానకి. నేను పుట్టకముందెప్పుడో వచ్చిన ఆ చిత్రాన్ని టీవీలో చూసి, గిరీశం ఫోజులన్నీ పట్టేశాను. 2003లో తొమ్మిదో తరగతి నాది. విజయనగరం దగ్గర హైస్కూలు. ఇంటర్‌వెల్లో నా గిరీశానికి చప్పట్లే చప్పట్లు!

ఓ రోజు తెలుగు మేష్టారి కంట పడ్డాను. ఇంకేముంది, వీపు విమానం మోతేననుకున్నా! ఆయన మాత్రం బీరువాలోంచి అట్ట ఊడిన గురజాడవారి నాటకం తీసి నా చేతిలో పెట్టారు.

"గిరీశం నువ్వే చదవరా. పుస్తకంలో ఉన్నదే చదవాలి, సొంత పైత్యం వద్దు" అన్నారు. బుచ్చమ్మ మాటలకి ముందు బెంచీ అమ్మాయిని లేపారు.

బుచ్చమ్మ బాలవితంతువు. విధవా వివాహం మంచిదేనని గిరీశం ఆమెకి నమ్మబలికే ఘట్టం అది. నేను రెచ్చిపోయి చదివాను. క్లాసంతా గొల్లుమంది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. తలవంచుకుని, అతగాడి ప్రతి మాటా నిజమేనన్నంత అమాయకంగా చదివింది. నవ్వులు ఆగిపోయాయి. నా తర్వాతి మాట గొంతులోనే ఉండిపోయింది. ఇంతగా నమ్మినదాన్నా నేను ఆటపట్టిస్తున్నది?

"బుచ్చమ్మ చెల్లెలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఎంతకి బేరం పెట్టారురా?" అడిగారు మేష్టారు.

"పద్దెనిమిది వందలకండీ!" మళ్లీ నవ్వాం.

అప్పుడాయన 1897 నాటి తొలి ముద్రణకి గురజాడ రాసిన పీఠికలోని లెక్కలు చెప్పారు. విశాఖ జిల్లాలో మూడేళ్లలో నమోదైన కన్యాశుల్కం పెళ్లిళ్లు 1,034. అందులో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు!

మా అక్క కూతురికి అప్పుడు సరిగ్గా ఏడాది. గోడ పట్టుకుని అడుగులేస్తోంది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి దాన్ని ఎత్తుకున్నాను గానీ ఆడించబుద్ధి కాలేదు.

మర్నాడు మేష్టార్ని బతిమాలి పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. నవ్వించి నవ్వించి చెంప చెళ్లుమనిపించే పుస్తకాలుంటాయని అప్పుడే తెలిసింది. అలాంటివి వెతుక్కుంటూనే ఇవాళ్టి దాకా చదువుతున్నాను.

ఆ సినిమా ఇప్పటికీ చూస్తానండీ. నవ్వొచ్చేచోట నవ్వుతాను కూడా. కానీ గిరీశం కబుర్లు చెప్పేటప్పుడు రామారావుని కాదు, వింటున్న జానకిని చూస్తాను. మీరూ ఓసారి అలా చూడండి. ఆ తర్వాత పుస్తకం తెరవకుండా ఉండలేరు!