అటకెక్కిన బూట్లు

పొయ్యి మీద పాలు పొంగినా సరే, టీవీలో బాస్కెట్‌బాల్ వస్తోందంటే నేను కదలను. "ఈ వయసులో నీకిదేం పిచ్చి?" అని అత్వెల్లిలో మా ఇరుగుపొరుగు నవ్వుతుంటారు. వాళ్ళకేం తెలుసు! మేడ్చల్‌లో చదువుకునే రోజుల్లో ఓణీ కొంగు నడుముకు బిగించి ఆ ఆట ఆడినదాన్ని. పదో తరగతి పరీక్షలయ్యాయి, పెళ్ళయింది, దాంతో ఆటా అయిపోయింది.

పోయిన ఎండాకాలం అమెరికాలో, హార్ట్‌ఫర్డ్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. అందరూ నయాగరా చూడాలంటారు. నేను మాత్రం "స్ప్రింగ్‌ఫీల్డ్ చూపించవే" అన్నాను. కారులో అరగంట దారి. బాస్కెట్‌బాల్ పుట్టిన ఊరది. 1891 డిసెంబరు చలిలో బయట ఆడే వీల్లేక కుర్రాళ్ళు విసుగెత్తిపోతుంటే, జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు వ్యాయామశాల బాల్కనీకి రెండు పీచ్ పళ్ళ బుట్టలు కొట్టించి ఈ ఆట మొదలుపెట్టారు. బుట్టలకు అడుగు తీయలేదు. అందుకని బంతి పడ్డప్పుడల్లా నిచ్చెనెక్కి తీయాల్సిందే, మనం అటక మీద డబ్బా దింపుకున్నట్టు!

ఆయన పేరనే అక్కడ హాల్ ఆఫ్ ఫేమ్ వెలిసింది. ఇప్పుడున్న భవనాన్ని 2002లో తెరిచారు. పెద్ద బంతిలాంటి గోపురం, పైన వరసగా మహామహుల బొమ్మలు, కింద అసలు సిసలు కోర్టు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా బంతి వేసి చూసుకోవచ్చు.

నా కళ్ళు ఆడవాళ్ళ కోసం వెతికాయి. ఆట పుట్టిన మరుసటేడే, అక్కడికి దగ్గర్లోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే టీచరు దాన్ని అమ్మాయిలకు నేర్పించారు. 1893లో వాళ్ళు పోటీ ఆడితే మగవాళ్ళను చూడ్డానికి రానివ్వలేదట! అంత తొలినాళ్ళ నుంచీ ఆడుతున్నా, 1959లో మొదలైన ఈ గౌరవం ఆడవాళ్ళకు దక్కింది 1985లో. ఆ ఏడు ఎంపికైన ముగ్గురిలో బెరెన్సన్ ఒకరు. అప్పటికి ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. క్రీడాకారిణులుగా ఎంపికైన తొలి ఇద్దరు నెరా వైట్, లూసియా హారిస్. అది 1992.

ఈ లూసియా కథ వినండి. 1976 మాంట్రియల్‌లో ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. అందులో తొలి బుట్ట ఆవిడదే. 1977లో న్యూ ఆర్లీన్స్ జాజ్ అనే మగవాళ్ళ జట్టు ఆవిడను ఎంచుకుంది. ఆవిడ వెళ్ళలేదు. అప్పటికి గర్భవతి. 2022లో కన్నుమూసింది.

ఆవిడ సంగతి తలుచుకుంటూ పక్కకి చూద్దును కదా, మా అమ్మాయి! స్కూలు జట్టులో అదీ బాగా ఆడేది. ఇంటర్లో చేరగానే దాని బూట్లు నేనే అటకెక్కించాను. "ఎంసెట్ అయ్యాక ఆడుకుందువులే" అన్నాను. ఎంసెట్ అయింది, ఉద్యోగమొచ్చింది, వీసా వచ్చింది. బూట్లు మాత్రం దిగలేదు. మా అమ్మ నాకు చేసిందే నేను దానికి చేశాను!

"అప్పుడు నీకు కోపం రాలేదా?" అని అడిగాను.

"రాకేం? రెండ్రోజులు అన్నం తినలేదు. నువ్వేమో పరీక్షల టెన్షన్ అనుకున్నావు" అంది నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాలేదు.

కిందికి దిగి ఇద్దరం బంతి అందుకున్నాం. దానిది మూడోసారికి పడింది. నాది ఎనిమిదోసారికి. చీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడ్డాయి లెండి!

ఇంటికొచ్చాక నిచ్చెన వేయించి ఆ బూట్లు దింపించాను. జిగురు వదిలి అడుగులు ఊడి చేతికొచ్చాయి. పక్కింటావిడ తన కూతురి ఆట మాన్పిస్తానంటుంటే అవే తీసుకెళ్ళి చూపించాను. ఆ పిల్ల ఇప్పుడు రోజూ సాయంత్రం గంటసేపు ఆడుకుంటోంది. మీ అటక మీద ఏమున్నాయో మీరూ ఓసారి చూసుకోండి.