గరివిడిలో వేలం వేడి!

కొత్త సినిమా ప్రకటన రాగానే మనవాళ్లేం చేస్తారో మీకు తెలుసుగా! హీరో పక్కన ఎవరుంటే బాగుంటుంది, విలన్‌గా ఎవరు నప్పుతారు, పాత మ్యూజిక్ డైరెక్టర్ని ఎందుకు మార్చారు... క్లాప్ కొట్టకముందే సగం సినిమా మాటల్లో తీసేస్తారు. నిర్మాత ఒక్కటీ వినడు. అయినా మనం చెప్పడం మానం!

క్రికెట్‌లోనూ అలాంటి సీజనొకటుంది. అందులో బంతి పడదు, బ్యాటు లేవదు, నోళ్లు మాత్రం మూతపడవు. ఐ.పి.ఎల్. వేలానికి ముందు రోజులవి. ఎవర్ని ఉంచుకోవాలి? ఎవర్ని వదిలెయ్యాలి? మిగిలిన డబ్బుతో ఎవర్ని కొనాలి?

అమెరికాలో బేస్‌బాల్ అభిమానులకు ఈ సరదా మనకంటే చాలా పాతది. చలికాలంలో పొయ్యి చుట్టూ చేరి ఆటగాళ్ల మార్పుల మీద వాదించుకోవడానికి ‘హాట్ స్టవ్ లీగ్’ అని పేరే పెట్టుకున్నారు. ఒకప్పుడు అక్కడ జట్టు ఎవరికి అమ్మితే ఆటగాడు వాళ్ల దగ్గరికి వెళ్లాల్సిందే. 1969లో కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడు ‘నేను సరుకును కాను’ అన్నట్టు ఎదురు తిరిగాడు. కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. కానీ 1975లో వచ్చిన మధ్యవర్తి తీర్పుతో, ఒప్పందం తీరిన ఆటగాడు నచ్చిన జట్టుకు వెళ్లే దారి తెరుచుకుంది. ఆ దారినే నడిచి షోహెయ్ ఒహ్‌తానీ 2023 డిసెంబరులో పదేళ్లకి 70 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకున్నాడు!

మాంగనీసు మంట, మాటల మంట

సరే, అమెరికా సంగతి అలా ఉంచి మన గరివిడికి రండి. విజయనగరం జిల్లాలో ఫెర్రో ఎల్లాయ్స్ కర్మాగారంతో పేరు పడ్డ ఊరు. వెటర్నరీ కాలేజీ కూడా ఉంది. 2025 నవంబరు చివర్లో పనిమీద వెళ్లిన నేను టీ తాగుదామని ఒక బల్ల మీద కూర్చున్నాను. అరగంటలో లేవాల్సినవాణ్ణి, రెండు గంటలు లేవలేదు!

కారణం, సన్‌రైజర్స్ హైదరాబాదు. ఆ నెలలోనే మహమ్మద్ షమీని లక్నోకి ఇచ్చేశారు. 10 కోట్లకి కొన్న షమీ 2025 సీజన్లో తీసింది 6 వికెట్లే. “పోతే పోనాడు, పది కోట్లు మిగిలినాయి కదేటి!” అన్నాడు షిఫ్ట్ దిగివచ్చిన ఒక పెద్దాయన.

“మిగిలితే సరా బాబాయ్? బంతెవడేస్తాడు?” అన్నాడు కాలేజీ కుర్రాడు.

ఆ ఒక్క ప్రశ్నతో రాజుకుంది!

కుర్రాడి లెక్క ఇది. 2024 అక్టోబరులో సన్‌రైజర్స్ ఐదుగుర్ని ఉంచుకుంది. క్లాసెన్‌కి 23 కోట్లు, కమిన్స్‌కి 18, అభిషేక్ శర్మకి, ట్రావిస్ హెడ్‌కి చెరో 14, నితీశ్ కుమార్ రెడ్డికి 6. మొత్తం 75 కోట్లు. జట్టుకి ఇచ్చిన పరిమితి 120 కోట్లు. అంటే 45 కోట్లతో మిగతా జట్టంతా కొనాలి. హీరోలకే బడ్జెట్ అయిపోతే ఫైట్ మాస్టర్‌కి ఏమిస్తాం చెప్పండి? పదకొండేళ్లు ఆడిన భువనేశ్వర్ కుమార్ 10.75 కోట్లకి బెంగుళూరు వెళ్లిపోయాడు. నటరాజన్ అదే ధరకి ఢిల్లీ వెళ్లాడు. 2025లో మనవాళ్లు తొలి మ్యాచ్‌లోనే 286 కొట్టారు. చివరికి దక్కింది ఆరో స్థానం. కప్పు ఎత్తిన బెంగుళూరు జట్టులో భువనేశ్వర్ ఉన్నాడు!

“ఒగ్గీసినోళ్లందరూ బంగారమేటి?” పెద్దాయన తగ్గలేదు. “నటరాజన్ ఢిల్లీలో ఎన్ని ఆటలాడినాడు? బెంచీ మీదే కదా!”

అదీ నిజమే. 2023 డిసెంబరులో కమిన్స్‌ని 20.50 కోట్లకి కొన్నప్పుడు డబ్బు తగలేశారని నవ్వినవాళ్లున్నారు. ఆ మరుసటి వేసవిలోనే అతను జట్టుని ఫైనల్‌దాకా లాక్కెళ్లాడు. చెన్నైలో 113కే కుప్పకూలి ఓడిపోవడం వేరే కథ!

వార్నర్ గాయం

మధ్యలో ఎవరో వార్నర్ పేరెత్తారు. బల్ల ఒక్కసారి చల్లబడింది. 2016లో 848 పరుగులు చేసి, కప్పు తెచ్చిపెట్టిన కెప్టెన్. లాక్‌డౌన్‌లో ‘బుట్టబొమ్మ’కి స్టెప్పులేసి తెలుగింటి అల్లుడైపోయినవాడు. అలాంటివాణ్ణి 2021లో సీజను మధ్యలోనే కెప్టెన్సీ నుంచి దింపేశారు, తర్వాత జట్టులోంచే పంపేశారు. ఆ గాయం మానలేదనడానికి సాక్ష్యం కావాలా? 2025 మార్చిలో ‘రాబిన్‌హుడ్’ సినిమాలో వార్నర్ కనిపిస్తాడంటే ఎంత హడావుడి జరిగిందో మీరూ చూశారు. జట్టు వదిలేసింది, అభిమాని వదల్లేదు!

మన గుంటడు

అసలు రగడ అప్పుడు మొదలైంది, నితీశ్ దగ్గర.

కుర్రాడు మొహమాటపడలేదు. “2024లో 303 కొట్టాడు, సరే. 2025లో రెండొందలు దాటలేదు. ఆరు కోట్లు పెడితే మంచి బౌలరొస్తాడు బాబాయ్. టీమ్ గెలవాలా, మనోడుండాలా?”

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. “ఒరే గుంటడా! ఆడి బాబు జింక్ ఫ్యాక్టరీలో ఉజ్జోగం ఒగ్గీసి కొడుకుని ఆడించినాడు. ఫ్యాక్టరీ ఉజ్జోగమంటే ఏటో నాకు తెలుసు. నీకు తెల్దు.”

ఎవరూ మాట్లాడలేదు. విశాఖపట్నం హిందుస్తాన్ జింక్‌లో నితీశ్ తండ్రి ఉద్యోగం వదులుకున్న సంగతి ఇక్కడివాళ్లకి పేపర్లో చదివిన వార్త కాదు, తమ ఇంట్లో తీసుకోలేకపోయిన నిర్ణయం. 20 లక్షలకి జట్టులోకి వచ్చిన ఆ కుర్రాడు 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో టెస్టు సెంచరీ కొట్టాడు. యాభై దాటగానే బ్యాటుతో గడ్డం కింద ‘పుష్ప’ ఫోజు పెట్టాడు. ఆ రోజు ఉత్తరాంధ్రలో ఎన్ని గడ్డాల కింద చేతులు నడిచాయో!

ఇంకో చమత్కారం వినండి. గరివిడికి దగ్గరి పెద్ద స్టేడియం విశాఖ. 2025 మార్చి 30న అక్కడ ఢిల్లీ, హైదరాబాదు తలపడ్డాయి. సొంత జట్టు ఎవరనుకున్నారు? ఢిల్లీ! విశాఖని రెండో ఇల్లుగా చేసుకున్నది వాళ్లు. మన హైదరాబాదు అతిథిగా వచ్చి ఓడి వెళ్లింది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి కుర్రాడు త్రిపురాన విజయ్‌ని 2024 నవంబరులో 30 లక్షలకి కొన్నదీ ఢిల్లీయే. అదే వేలంలో విశాఖ కీపర్ శ్రీకర్ భరత్‌ని ఎవరూ కొనలేదు. మరి మన జట్టంటే ఏది? జెర్సీ మీద పేరా, అందులో ఆడే మన పిల్లాడా?

విజ్జీగారి నీతి

డబ్బు పోసి స్టార్లని తేవడం ఈ జిల్లాకి కొత్తేమీ కాదు. విజయనగరం మహారాజకుమార్, మన ‘విజ్జీ’, ఎం.సి.సి. పర్యటన రద్దయిన 1930-31లో ఇంగ్లండు మేటి ఓపెనర్లు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించి సొంత జట్టులో ఆడించాడు. 1936లో ఇండియా కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్లాడు. తొలి టెస్టుకి ముందే లాలా అమర్‌నాథ్‌ని ఇంటికి పంపించేశారు. సిరీస్ 2-0తో పోయింది. స్టార్లని తేవచ్చు, ఉన్నవాణ్ణి పోగొట్టుకుంటే ఆ లోటు తీరదు.

2025 డిసెంబరు 16న అబుదాబిలో వేలం జరిగింది. గరివిడి బల్ల కోరింది పేరున్న బౌలర్ని. సన్‌రైజర్స్ పెద్ద సొమ్ము, 13 కోట్లు, పెట్టింది లివింగ్‌స్టన్ మీద. స్పిన్ వేస్తాడు గానీ, పేరు తెచ్చింది బ్యాటే! నితీశ్‌ని మాత్రం వదల్లేదు.

ఇద్దరిలో ఎవరు గెలిచినట్టు? నా లెక్కలో కుర్రాడి అంకెలు నిజం, పెద్దాయన కోపం అంతకంటే నిజం. అంకెలు జట్టుని కడతాయి. కానీ రాత్రంతా రైల్లో వెళ్తే తప్ప రాని నగరం జట్టుని గరివిడి ‘మనది’ అనుకోవాలంటే, అందులో మన గుంటడొకడుండాలి. ఆ సంగతి వేలం బల్ల దగ్గర ఎవరూ ధర కట్టరు.

మరి మీరైతే ఎవర్ని ఉంచుతారు, ఎవర్ని ఒగ్గేస్తారు? టీ చల్లారకముందే తేల్చండి!